రోగి సహకరించలేదు

ఆసుపత్రిలో ఆవిడను అందరూ చేతులమ్మ అనేవారు. అసలు పేరు జీతాల గుమాస్తాకు తెలుసు, ఇంకెవరికీ అక్కర్లేదు. తెగిన చేతులు, నలిగిన చేతులు, యంత్రం నోట్లోంచి సగం తిరిగొచ్చిన చేతులు. సర్జన్లు కుట్లు వేసి పంపిస్తే వాటికి మళ్ళీ పని నేర్పడం ఆవిడ ఉద్యోగం. ఇరవై మూడేళ్ళలో ఆవిడకు మొహాలు గుర్తుపెట్టుకునే అలవాటు పోయింది. బజారులో ఎవరైనా నవ్వుతూ పలకరిస్తే ముందు చూపు కిందికి జారేది. అరచేతికి అడ్డంగా పోయిన మచ్చో, కొద్దిగా పక్కకు తిరిగిన చిటికెనవేలో కనబడ్డాకే "ఓ, మీరా!" అనేది.

ఆవిడ గది మెట్ల కింద. పైన ఎవరు నడిచినా కప్పు దడదడలాడేది. ఒక బల్ల, అటొక కుర్చీ ఇటొక కుర్చీ, బల్ల చివర నీళ్ళు కాచే వెడల్పాటి పళ్ళెం. తెల్లని ప్లాస్టిక్ రేకును ఆ వేడినీళ్ళలో వేస్తే వానలో నానిన ఆకులా మెత్తబడేది. తీసి, తుడిచి, చేతి మీద పరిచి రెండు నిమిషాలు పట్టుకుంటే ఆ చేతి ఆకారంలోనే గట్టిపడేది. అదే స్ప్లింట్. దాన్ని చేతికి బిగించే పట్టీల కొసలను ఆవిడ కత్తెర తిప్పి పూరేకులా గుండ్రంగా కోసేది.

"ఇంత పనితనం ఎవరు చూస్తారక్కా?" అనేది ఆవిడ దగ్గర పనిచేసే చిన్న థెరపిస్టు, చదువు పూర్తయి రెండేళ్ళయిన అమ్మాయి.

"చూడ్డానికి కాదే. మూలుంటే దుప్పటికి పట్టుకుంటుంది."

ఆవిడ వేళ్ళలో ఒక భయం కాపురముండేది. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు ఒక బస్సు కండక్టరు వచ్చాడు. వేలిని వంచేది అరచేతి లోపల జారుతుండే సన్నని తాడు. డాక్టర్లు టెండన్ అంటారు, జనం నరం అంటారు. అతనికి అది తెగితే కుట్టారు. పదో రోజున ఆవిడ "నెమ్మదిగా వంచండి" అంది. అతను వంచాడు. లోపల టక్కుమంది. చప్పుడని కూడా అనలేం. ఆవిడ బొటనవేలి కింద ఒక దారం ఉండి, మరుక్షణం లేకుండా పోయింది. కండక్టరు బిక్కమొహం వేసి "ఏంటమ్మా అది?" అన్నాడు.

ఆ తర్వాత ఆవిడ ఏ చేతినీ తొందరపెట్టలేదు. కుట్టిన వేలికి నాలుగు వారాలు పూర్తి విశ్రాంతి. "కదపకండి. కల్లో కూడా కదపకండి" అనేది. ఆవిడ చేతిలో ఇంకొక్క తాడు తెగలేదు. కొన్ని చేతులు తర్వాత మెల్లగా తేలికపడేవి. కొన్ని బిగుసుకుపోయేవి. బిగుసుకుపోయినవాటికి రిపోర్టులో రాయడానికి ఒక వాక్యం ఉంది. ఆవిడ కంటే ముందున్నవాళ్ళు రాసిందే, ఆవిడా రాసేది: రోగి సహకరించలేదు. ఆ రెండు ముక్కలు రాసేటప్పుడు కలం ఎన్నడూ ఆగలేదు.

ఏడాదికి ముప్పై గంటల శిక్షణ లేకపోతే థెరపిస్టుల రిజిస్ట్రేషన్ మళ్ళీ ఇవ్వరు. ఆవిడ ఏటా వెళ్ళేది. వీపు గోడకు, కళ్ళు గడియారానికి అప్పగించి కూర్చునేది. పొద్దున సంతకం, మధ్యాహ్నం భోజనం, సాయంత్రం సర్టిఫికెట్. ఇంట్లో బీరువా అడుగున ఆ సర్టిఫికెట్లన్నీ పాత చీరలకు అడుగు కాగితంగా పడుండేవి.

ఆ ఏడు ఒక విడత రెండు రోజుల శిక్షణ. పెద్ద హాలు, కిటికీలకు మందపాటి తెరలు, పాతికమంది. పాఠం చెప్పడానికి వేరే ఆసుపత్రి నుంచి బొంగురు గొంతు ఉన్న ఒక సన్నటి మనిషి వచ్చింది. ప్రతి బల్ల మీదా అట్టతో కోసిన ఒక చెయ్యి పెట్టించింది. అట్ట వేళ్ళ మీద కూల్‌డ్రింక్ తాగే స్ట్రాలు అంటించి ఉన్నాయి. ఒక్కో స్ట్రాలోంచి ఒక్కో దారం. దారం లాగితే అట్ట వేలు ముడుచుకుంటుంది.

"రెండు స్ట్రాల్లో ఒక్కో చుక్క జిగురు వెయ్యండి. ఒక దారాన్ని నిమిషానికోసారి కొంచెం లాగి వదులుతూ ఉండండి. రెండోదాన్ని ముట్టుకోకండి" అంది శిక్షకురాలు.

చేతులమ్మ ఒక దారం లాగుతూ, ఒకటి వదిలేసి కూర్చుంది. పక్కన చిన్న థెరపిస్టు కూడా అలాగే. ఇరవై నిమిషాలయ్యాక "ఇప్పుడు రెండూ లాగండి" అని వినిపించింది. కదుపుతూ వచ్చిన దారం జారింది, వేలు వంగింది. ముట్టుకోని దారాన్ని లాగితే అట్ట చిరిగింది.

"ముట్టుకోకపోతే భద్రమనుకుంటాం. భద్రమే. గోడలో దిగిన మేకంత భద్రం" అంది శిక్షకురాలు. "కుట్టిన మూడో రోజునుంచో ఐదో రోజునుంచో, మణికట్టును కాపాడుకుంటూ, కొంచెం కొంచెం కదపాలి. ఇది కొత్త సంగతేం కాదు. చాలా ఏళ్ళుగా చెబుతున్నదే. మనలో కొందరు చెవిన పెట్టలేదు, అంతే."

చేతులమ్మ చిరిగిన అట్ట వేలిని అంటించాలని చూసింది. అంటుకోలేదు.

తర్వాత తెర మీద ఒక చెయ్యి వేశారు. కుడి చెయ్యి. మధ్యవేలు, ఉంగరపు వేలు సగం వంగి అక్కడే ఆగిపోయాయి, ఏదో చెప్పబోయి మర్చిపోయినట్టు.

"ఎందుకిలా అయిందో చెప్పండి."

"పేషెంటు బద్ధకం" అంది ఒక గొంతు.

ముందు వరసలో లావుపాటి థెరపిస్టు లేచాడు. "మా పేషెంట్లకి ఎక్సర్‌సైజులప్పుడే వేళ్ళు వంగవు మేడం. టీవీ రిమోట్ ఇచ్చి చూడండి, వీణ వాయించినట్టు వాయిస్తారు!"

హాలంతా గొల్లుమంది. చేతులమ్మ కూడా నవ్వింది. నవ్వుతూనే తెర మీది చేతి పక్కన పడున్న స్ప్లింట్‌ను చూసింది. పట్టీల కొసలు పూరేకుల్లా గుండ్రంగా ఉన్నాయి.

నవ్వు మొహం మీదే ఉండిపోయింది, దాన్ని తీసేయడం ఆవిడకు చాతకాలేదు. మళ్ళీ చేతిని చూసింది. గోళ్ళ అంచుల్లో ఎన్నేళ్ళు కడిగినా వదలని జిగురు మరక. బొటనవేలి గోరు మధ్య సూది తోసి తోసి పడిన గుంట. అప్పుడు మనిషి గుర్తొచ్చాడు. ప్రెస్సులో బైండింగ్ పనివాడు. ఏడాది పైమాట. కాగితం కోసే బ్లేడు మారుస్తూ రెండు వేళ్ళ నరాలు తెగ్గోసుకున్నవాడు.

మణికట్టు మీద చల్లగా ఏదో తగిలింది. చిన్న థెరపిస్టు చెయ్యి. ఆ అమ్మాయి తెరవైపే చూస్తోంది.

"బద్ధకమైతే ఈ స్ప్లింట్ ఇంకా ఎందుకు దాచుకున్నాడంటారు?" అంది శిక్షకురాలు. "సంచిలో పెట్టి తెచ్చాడు. ఇప్పటికీ పెట్టుకుని పడుకుంటాడట, తియ్యమని ఎవరూ చెప్పలేదని. చూడండి, ఈ వేళ్ళు తమంతట తాము వంగవు. ఇంకో చేత్తో నెడితే వంగుతున్నాయి. అంటే కీళ్ళు బతికే ఉన్నాయి, లోపల తాడు అతుక్కుపోయింది. మళ్ళీ తెరిచి విడదీస్తే చాలావరకు పని తిరిగొస్తుంది. కానీ ఆ ఆపరేషన్ తర్వాత మర్నాటి నుంచే నొప్పి ఓర్చుకుని నెలల తరబడి కదపాలి. పాత ఆసుపత్రి రిపోర్టులో సహకరించలేదని రాసుంది. అలాంటి మనిషికి చేసి ఏం లాభమని మా సర్జన్ పక్కన పెట్టేశారు. ఇంకో ఆరు నెలలు పోతే కీళ్ళు కూడా బిగుస్తాయి. అప్పుడిక ఎవరూ ఏమీ చెయ్యలేరు."

తెర మీద ఇంకో చెయ్యి వచ్చింది.

టీ సమయంలో అందరూ గ్లాసుల చుట్టూ మూగారు. చేతులమ్మ శిక్షకురాలి ఎదురుగా వెళ్ళి నిలబడింది.

"ఆ చెయ్యి నాదండీ."

"మీదా?"

"నేను పాడుచేసింది. నేను రాసిందే ఆ రిపోర్టు."

శిక్షకురాలు టీ కింద పెట్టింది. ఓదార్చలేదు, మందలించలేదు. "దిద్ది ఇవ్వగలరా?" అని మాత్రం అడిగింది. "మీ సంతకంతో వస్తే మా సర్జన్‌తో నేను మాట్లాడతాను."

మర్నాడు సాయంత్రం సర్టిఫికెట్ తీసుకోకుండానే చేతులమ్మ ఆసుపత్రికి వెళ్ళి పాత ఫైలు తీయించింది. అతను నలభై ఒక్కసార్లు వచ్చాడు. ప్రతిసారీ ఆవిడే రాసింది, వచ్చాడు, వచ్చాడు, వచ్చాడు. ఒక రోజు పక్కన 'వాన, తడిసి వచ్చాడు' అని కూడా ఉంది. ఆఖరి పేజీలో అదే చేతిరాత, రోగి సహకరించలేదు. మధ్యలో ఎక్కడా కొట్టివేత లేదు. వానలో తడిసి వచ్చిన మనిషి ఆ రెండు పేజీల మధ్య ఎక్కడ చనిపోయాడో ఆవిడకు అంతుపట్టలేదు.

విభాగాధిపతి కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టుకుని విన్నాడు.

"అమ్మా, ఒక్క ఫైలు దిద్దితే ఊరుకుంటారా? ఇరవై మూడేళ్ళవీ తియ్యమంటారు. తేనెతుట్టె మీద రాయెందుకు?"

"తీస్తే తియ్యనివ్వండి సార్."

"మీ ఒక్కరి పేరే కాదు, ఆసుపత్రి పేరు. పోనీ ఫోన్ చేసి చెబుదాం, కొంచెం సహకరించాడని."

"కొంచెం కాదండి."

ఇంట్లో భర్త కూరగాయలు తరుగుతున్నాడు. లిఫ్టు ఆపరేటరుగా రిటైరయ్యాక వంటిల్లు ఆయన తీసుకున్నాడు. ఆయన అంతా విని, కత్తిపీట పక్కకు జరిపాడు.

"ఎవరైనా నిన్ను అడిగారా?"

"లేదు."

"మరి? దొంగ కూడా పోలీసు తలుపు తట్టేదాకా ఆగుతాడే."

"కండక్టరుది తెగినప్పుడు నా వేలికి తెలిసిందండీ. ఇవేవీ తెలియలేదు. ఎన్ని చేతులో. ఒక్కటీ చప్పుడు చెయ్యలేదు."

ఆయన తరిగిన ముక్కలు గిన్నెలో వేశాడు. "ఉద్యోగం పోతే ఏం చేస్తావు?"

"వంట నేర్చుకుంటా."

"తప్పు నువ్వు చేస్తే శిక్ష నాకా?" అని మళ్ళీ కత్తిపీట దగ్గరికి లాక్కున్నాడు. నవ్వలేదు ఎవరూ.

ఆవిడ తన చేత్తోనే రాసింది. నాలుగుసార్లు చింపి ఐదోసారి రాసిన కాగితంలో మూడు వాక్యాలే మిగిలాయి. ఈ రోగి పిలిచిన ప్రతిసారీ వచ్చాడు. చెప్పినవన్నీ చెప్పినట్టే చేశాడు. నేను చెప్పింది తప్పు. కింద సంతకం. ఒక ప్రతి శిక్షకురాలికి పంపింది. ఒకటి ఫైల్లో పెట్టింది. ఇంకొకటి మడిచి సంచిలో వేసుకుని ఆదివారం పొద్దున అతని ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళింది.

గొడుగులు బాగుచేసే కొట్టు మీద రెండు గదులు. ఇనుప మెట్లు. తలుపు తీసింది అతనే. ప్రెస్సువాళ్ళు రిపోర్టు చూసి "నీ చేతి మీద నీకే శ్రద్ధ లేకపోతే మాకెందుకు" అని తీసేశాక, అతను సైకిల్ స్టాండులో టోకెన్లు ఇస్తున్నాడు. అతని భార్య అదే ప్రెస్సులో ఇంకా కాగితాలు మడత పెడుతోంది. కుడి చెయ్యి చొక్కా జేబులో ఉంచుకుని ఎడమ చేత్తో అతను కుర్చీ లాగాడు.

"రండి మేడం. ఇంత దూరం వచ్చారు."

ఆవిడ కూర్చోలేదు. నిలబడే చెప్పింది. మూడో రోజునుంచే కదపాల్సిన వేళ్ళను తాను నాలుగు వారాలు కట్టి ఉంచానంది. అవి బిగుసుకుపోతే తప్పు అతని మీద రాశానంది. మళ్ళీ ఆపరేషన్ చేస్తే చాలావరకు తిరిగొస్తాయంది. 

అతను నేలవైపు చూస్తున్నాడు. "అయితే నేను చేశాను" అన్నాడు.

"చేశారు."

"మీరు చెప్పినవన్నీ."

"అన్నీ."

"ఇంకోసారి చెప్పండి మేడం. కొంచెం గట్టిగా. మా ఆవిడ లోపలుంది."

ఆమె లోపల లేదు. తడి చేతులతో గుమ్మంలోనే నిలబడి ఉంది. చేతులమ్మ మళ్ళీ చెప్పింది, గట్టిగా. భార్య చేతులు తుడుచుకోవడం మర్చిపోయింది.

"కదలకూడదన్నారని నిద్రలో చెయ్యి ఒంటికి తువ్వాలుతో కట్టుకునేవాడమ్మా" అంది ఆమె. "ముడి వేసింది నేనే. నా కళ్ళతో చూశాను. అయినా మీ కాగితం వచ్చాక, కాగితమే నిజమనుకున్నాను. మడత హాల్లో ఆడవాళ్ళందరూ మీ ఆయన వేలు కదపడానికి కూడా కూలి అడుగుతాడా అంటుంటే, నేనూ వాళ్ళతో నవ్వాను. ఇంటికొచ్చి ఈయన్ని తిట్టాను. ఏడాదిగా తిడుతూనే ఉన్నాను. సోమరీ అనడం నోటికి అలవాటైపోయింది. ఇప్పుడొచ్చి చెబితే ఎలాగమ్మా? ఇక ఎవర్ని తిట్టుకోను?"

"నన్ను తిట్టమ్మా."

"మీరు మా ఇంట్లో ఉండరుగా" అంది ఆమె.

చేతులమ్మ సంచిలోంచి కాగితం తీసింది. అతను ఎడమ చేత్తో అందుకుని చదువుకున్నాడు. పెదవులు కదిలాయి. మూడు వాక్యాలకు అంతసేపు పట్టదు. అతను మళ్ళీ మళ్ళీ చదువుతున్నాడు. తర్వాత మడత నలగకుండా భార్య చేతిలో పెట్టాడు.

"చాలు మేడం. ఇది చాలు."

"ఇది ఆపరేషన్ కోసం బాబూ. ఈ నెల్లోనే వెళ్ళాలి. నేనే దగ్గరుండి తీసుకెళ్తాను. ఆలస్యమైతే కీళ్ళు—"

"వద్దండి."

"నేను ముట్టుకోను. అక్కడ వేరేవాళ్ళు చూస్తారు."

"ఎవరైతేనేం." అతని గొంతులో కోపం లేదు. ఉంటే ఆవిడకు కొంత సులువుగా ఉండేది. "అప్పుడు మీ మాట అక్షరం పొల్లుపోకుండా విన్నాను. కదపొద్దంటే ఊపిరి కూడా మెల్లగా పీల్చాను. ఈసారి మాత్రం నిజంగానే సహకరించను మేడం. అలాగే రాసుకోండి."

ఇనుప మెట్లు దిగుతుంటే ఆవిడ పట్టుకోవడానికి కమ్మీ కోసం తడుముకోవలసి వచ్చింది.

మర్నాడు భార్య ఆ కాగితాన్ని మడత హాలుకు తీసుకెళ్ళిందట. చిన్న థెరపిస్టుకు అక్కడ పనిచేసే ఒకామె చెప్పింది. మధ్యాహ్నం అన్నాల దగ్గర లేచి నిలబడి మూడు వాక్యాలూ పైకి చదివి, ఇంకెవరైనా నవ్వుతారా అని అడిగిందట. ఎవరూ నవ్వలేదు. అన్నం కూడా తినలేదు. ఉద్యోగం మాత్రం ప్రెస్సువాళ్ళు తిరిగి ఇవ్వలేదు, ఆ చోట్లో వేరే మనిషి కుదిరిపోయాడు.

ఆసుపత్రివాళ్ళు విచారణ వేశారు. ఇరవై మూడేళ్ళ ఫైళ్ళు తీయలేదు. తీయాలంటే తీసేవాళ్ళు కావాలి, పెట్టడానికి గది కావాలి. ఆవిడను చేతుల గదినుంచి మార్చి పైన ముసలివాళ్ళ వార్డులో వేశారు. తుంటి ఎముక విరిగినవాళ్ళ చంక కింద చెయ్యి వేసి, మంచం నుంచి తలుపుదాకా, తలుపు నుంచి మంచందాకా నడిపించే పని. ఇప్పుడు మెట్ల కింది గదికి ఆవిడ అడుగులే వినబడేవి. ఆ గది చిన్న థెరపిస్టుది. కుట్టిన చేతులను ఆ అమ్మాయి మూడో రోజునే కదిపేది. కదిపిన మొదటి రోజున పైకి పరుగెత్తుకొచ్చి, "వంగిందక్కా, తెగలేదు" అంది. చేతులమ్మ తలూపి, నడిపిస్తున్న ముసలాయన్ని పట్టు వదలకుండా మంచందాకా తీసుకెళ్ళింది.

శిక్షకురాలు తన మాట నిలబెట్టుకుంది. సర్జన్ ఒప్పుకున్నాడు, తేదీ ఇచ్చాడు. ఆ తేదీకి అతను వెళ్ళలేదు. రెండో తేదీకీ వెళ్ళలేదు. చిన్న థెరపిస్టు వెళ్ళి బతిమాలింది. భార్య కూడా బతిమాలిందట, తిట్టడం మానేసి. అతను వినలేదు. కాగితం మాత్రం అద్దం ఫ్రేములో పెట్టి గోడకు తగిలించారని ఆ అమ్మాయి చెప్పింది.

చేతులమ్మ మొదట్లో వారానికోసారి సైకిల్ స్టాండు దగ్గర బస్సు దిగేది. దూరంనుంచి చూసేది. ఎడమ చేత్తో టోకెను ఇస్తాడు, కుడి చెయ్యి జేబులోనే. దగ్గరికెళ్తే "వద్దని చెప్పానుగా మేడం" అని మర్యాదగానే అనేవాడు. తర్వాత తర్వాత దిగడం మానేసి, బస్సు కిటికీలోంచే చూసేది.

ఏడో నెలలో ఒక మధ్యాహ్నం మళ్ళీ దిగింది. ఎండకు స్టాండంతా సైకిళ్ళ సీట్ల వాసన. అతను స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఈసారి ఆవిడ ఏమీ అడగలేదు. ఎదురుగా నిలబడి అరచెయ్యి చాపింది, అంతే.

అతను ఆ చెయ్యి వైపు కాసేపు చూశాడు. తర్వాత జేబులోంచి కుడి చెయ్యి తీసి, ఒక వస్తువు అప్పగించినట్టు అందులో పెట్టాడు.

ఆవిడ మధ్యవేలి నడిమి కీలును రెండు వేళ్ళతో పట్టుకుని మెల్లగా నెట్టింది. ఆగి, ఇంకొంచెం నెట్టింది. ఉంగరపు వేలిని పట్టుకుంది. బతికున్న కీలు నెడితే వంగి, వదిలితే వెనక్కి రావాలని చూస్తుంది, నిద్రలో బిడ్డ చెయ్యి లాక్కున్నట్టు. ఇది ఎటూ పోవాలని చూడలేదు.

"ఎలా ఉంది?" అన్నాడు అతను.

"అయిపోయింది."

"రెండూనా?"

"రెండూ."

అతను తల ఊపాడు. ఆవిడ ఇంకా ఆ వేళ్ళను వదల్లేదు. వెనకాల ఒకతను సైకిలు నడిపించుకొచ్చి బెల్లు కొట్టాడు. చేతులమ్మ చేతిలోంచి తన చెయ్యి తీసేసుకుని, అతను స్టూలు మీంచి లేచి టోకెను కోసం వంగాడు.